రాయబార కార్యాలయాల చొరవతో ఒప్పందాలు కుదిరినా విద్యార్థుల మార్పిడి ఎందుకు సాగడం లేదు?

ప్రశ్న: విద్యాసేతు

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ సంబంధాల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ కాలంలో మా సంస్థ ఇతర దేశాల విద్యాసంస్థలతో 14 అవగాహన ఒప్పందాలు కుదుర్చుకుంది. వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక దేశపు రాయబార కార్యాలయం చూపిన చొరవతో మొదలైనవే. విద్యా వ్యవహారాలు చూసే అధికారి వచ్చి మాట్లాడతారు, తమ దేశంలోని చదువుల గురించి ఒక సదస్సు పెడతారు, కొన్ని నెలలకు ఇరుపక్షాలవారూ కూర్చుని సంతకాలు చేస్తారు. కానీ విద్యార్థులు నిజంగా వెళ్లి, కనీసం ఒక సెమిస్టరు చదివి తిరిగి వచ్చినది ఈ 14 ఒప్పందాల్లో మూడింటి కిందనే.

మిగిలిన 11 ఒప్పందాలను ఈ మధ్య మళ్లీ తీసి చదివాను. అన్నింటిలోనూ ఒకే రకమైన వాక్యాలు ఉన్నాయి. ఉభయ సంస్థలు విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలను ప్రోత్సహిస్తాయనీ, పరస్పర ప్రయోజనం గల రంగాల్లో సహకరించుకుంటాయనీ రాశారు. ఎవరి ఉద్దేశాన్నీ నేను శంకించడం లేదు. ఆ అధికారులతో మాట్లాడినప్పుడు వారి శ్రద్ధ స్పష్టంగా కనిపించింది. అయినా మా విద్యార్థి ఒకరు దరఖాస్తు పట్టుకుని వచ్చి, తాను అక్కడ చదివే పాఠ్యాంశాలను ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా అని అడిగినప్పుడు, ఆ ఒప్పందంలో ఎక్కడా నాకు జవాబు దొరకలేదు.

వచ్చే విద్యాసంవత్సరంలో మొత్తం 14 ఒప్పందాల్లో ఐదు పునరుద్ధరణకు వస్తున్నాయి. అందుకే అనుభవజ్ఞులను రెండు విషయాలు అడుగుతున్నాను. విద్యార్థులు నిజంగా కదలాలంటే ఒప్పందంలో ఏమేమి ఉండి తీరాలి? రాయబార కార్యాలయం నుంచి మేము ఏ సాయం కోరాలి, ఏ విషయంలో దానిని దూరంగా ఉంచాలి? ప్రభుత్వాల మధ్య జరిగిన పెద్ద కార్యక్రమాల చరిత్ర తెలిసినవారు దాని నుంచి మాలాంటి వారికి పనికొచ్చేది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: దౌత్యచరిత్ర పాఠకుడు

నమస్కారం విద్యాసేతు గారూ. మీరు చెప్పిన 11 ఒప్పందాల పక్కన పెట్టి చదవదగిన పాత పత్రం ఒకటి ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం తీవ్రంగా సాగుతున్న రోజుల్లో, 1958 జనవరి 27న, అమెరికా, సోవియట్ యూనియన్ ఒక సాంస్కృతిక మార్పిడి ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఇరుపక్షాల ప్రతినిధుల పేర్ల మీదుగా దానిని లేసీ–జరూబిన్ ఒప్పందం అంటారు. ఒకరినొకరు ఏమాత్రం నమ్మని రెండు ప్రభుత్వాలు రాసుకున్న పత్రం కనుక అందులో సద్భావన గురించిన మాటల కన్నా అంకెలు ముఖ్యమయ్యాయి. 1958–59 విద్యాసంవత్సరానికి ఒక్కో పక్షం నుంచి 20 మంది విద్యార్థులు, మరుసటి ఏడాదికి 30 మంది అని అందులో రాసుకున్నారు. సంఖ్య చిన్నదే. కానీ సంఖ్యా, సంవత్సరమూ పత్రంలోనే ఉండడంతో, వాటిని నెరవేర్చవలసిన బాధ్యత ఇరువైపులా ఎవరో ఒకరి మీద పడింది. స్నేహం పుష్కలంగా ఉన్నచోట ఇలాంటి వివరాలు రాసుకోవడం అనవసరమనిపిస్తుంది. మీ ఒప్పందాలకు జరిగింది అదేనని నా అనుమానం.

ఇక డబ్బు సంగతి. ఫుల్‌బ్రైట్ కార్యక్రమం పేరు అందరూ విన్నదే అయినా, అది ఏ డబ్బుతో మొదలైందో చాలామందికి తెలియదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి అమెరికా సైన్యపు వాహనాలు, యంత్రాలు, సరఫరాలు అనేక దేశాల్లో మిగిలిపోయాయి. వాటిని కొనుక్కున్న దేశాల దగ్గర డాలర్లు లేవు. తమ సొంత నాణేలలో చెల్లిస్తే, ఆ సొమ్మును ఆ దేశంలోనే ఖర్చు పెట్టాలి తప్ప అమెరికాకు తెచ్చుకునే వీలు లేదు. ఆ సొమ్మును విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు వాడుదామని సెనేటర్ జె. విలియం ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించారు. ఆయన స్వయంగా రోడ్స్ ఉపకార వేతనంతో ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు. అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1న ఆ చట్టంపై సంతకం చేశారు.

ఈ ఏర్పాటులోని ఒక లోపం మీకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. స్థానిక నాణెంతో అమెరికన్లు ఆ దేశంలో బతకవచ్చు, అక్కడి విద్యార్థులకు ప్రయాణపు టికెట్లు కొనవచ్చు. కానీ ఆ విద్యార్థులు అమెరికా చేరాక అవసరమయ్యే డాలర్లు అందులో నుంచి రావు. ఆ ఖాళీని పూడ్చడానికి 1948 నాటి స్మిత్–మండ్ట్ చట్టం కింద వచ్చిన నిధులూ, విశ్వవిద్యాలయాలు ఇచ్చిన ఫీజు మినహాయింపులూ కావలసి వచ్చాయి. ప్రయాణం ఎవరి ఖర్చు, బోధన ఎవరి ఖర్చు, వసతీ భోజనమూ ఎవరి ఖర్చు అని మూడు విడి ప్రశ్నలు వేసుకోవాలి. వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా విద్యార్థి ఇల్లు కదలడు.

ఐరోపాలో 1987లో మొదలైన విద్యార్థుల మార్పిడి కార్యక్రమం ఎరాస్మస్ ఈ ప్రశ్నలకు చాలా సూటిగా జవాబిచ్చింది. విద్యార్థి తన సొంత విశ్వవిద్యాలయానికే ఫీజు చెల్లిస్తాడు, ఆతిథ్య విశ్వవిద్యాలయం అతని దగ్గర బోధనా రుసుము తీసుకోదు, పరాయి దేశంలో అదనంగా అయ్యే ఖర్చుకు కొంత ఉపకార వేతనం అందుతుంది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. రెండేళ్ల తర్వాత, 1989లో, ఐరోపా క్రెడిట్ బదిలీ పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. ఒక పూర్తి విద్యాసంవత్సరపు శ్రమను 60 క్రెడిట్లుగా లెక్కించే ఆ పద్ధతి వల్లనే వేర్వేరు దేశాల సెమిస్టర్లను ఒకే త్రాసులో తూచగలిగారు. విద్యార్థి బయలుదేరే ముందే ఏయే పాఠ్యాంశాలు చదువుతాడో రాసి, విద్యార్థి, పంపే సంస్థ, ఆతిథ్య సంస్థ ముగ్గురూ సంతకం చేసే అభ్యాస ఒప్పందం కూడా ఆ కార్యక్రమంలో భాగమే. మీ దగ్గరకు వచ్చిన విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఉండవలసింది ఆ కాగితంలోనే. రెండు సంస్థల అధిపతులు చేసే సంతకం కన్నా ఆ మూడు సంతకాలే ఎక్కువ పని చేస్తాయని నేను గట్టిగా నమ్ముతాను.

సమాధానం: ఒకప్పటి మార్పిడి విద్యార్థిని

పై సమాధానంలో క్రెడిట్ల ప్రస్తావన చూశాక నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను మార్పిడి కార్యక్రమం కింద వేరే దేశంలో ఒక సెమిస్టరు చదివాను. వెళ్లేముందు మా విభాగంలో అడిగితే, తిరిగి వచ్చాక చూద్దాం, ఇబ్బంది ఏమీ ఉండదు అన్నారు. వచ్చాక మార్కుల పత్రం చూసి, పాఠ్యాంశం పేర్లు సరిపోలడం లేదనీ, వారానికి బోధించే గంటలు తక్కువనీ చెప్పి, ఐదింటిలో రెండింటినే అంగీకరించారు. దాంతో నా డిగ్రీ ఆరు నెలలు ఆలస్యమైంది. నా తర్వాత మా విభాగం నుంచి రెండేళ్లపాటు ఎవరూ దరఖాస్తు చేయలేదు. ఒప్పందం మాత్రం అమల్లోనే ఉంది.

ఆ తర్వాతే గుర్తింపు గురించి అంతర్జాతీయంగా ఏ నియమాలు ఉన్నాయో చదువుకున్నాను. 1997లో ఐరోపా మండలి, యునెస్కో కలిసి తెచ్చిన లిస్బన్ గుర్తింపు ఒడంబడికలో నాకు అన్నింటి కన్నా విలువైనదిగా తోచిన సూత్రం ఒకటి ఉంది. పరాయి దేశంలో చదివిన కాలాన్నీ, పొందిన అర్హతనూ గుర్తించాలి. గుర్తించకూడదనుకుంటే, రెండు చదువుల మధ్య గణనీయమైన తేడా ఉందని ఆ గుర్తింపు ఇవ్వవలసిన పక్షమే చూపాలి. అంటే రుజువు చేసే భారం విద్యార్థి మీద ఉండదు. పేరు సరిపోలకపోవడమూ, గంటల్లో కొద్దిపాటి తేడా ఉండటమూ గణనీయమైన తేడా కిందికి రావు. ఈ ఒక్క సూత్రం మా విభాగంలో ఆనాడు అమలై ఉంటే నా ఆరు నెలలు నాకు మిగిలేవి. 2019లో యునెస్కో ఇదే బాటలో ప్రపంచ దేశాలన్నింటికీ తెరిచిన ఉన్నత విద్యార్హతల గుర్తింపు ఒడంబడికను ఆమోదించింది. అది 2023 మార్చి 5 నుంచి అమల్లోకి వచ్చింది.

దౌత్యవేత్తలు మాత్రమే చేయగలిగిన పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఉదాహరణకు, బ్రిటన్‌లో ఏడాదిలోనే పూర్తయ్యే మాస్టర్స్ డిగ్రీకి భారతదేశంలో సమాన హోదా లభించకపోవడం చాలాకాలం ఒక చిక్కుగా ఉండేది. 2022 జులైలో రెండు ప్రభుత్వాలూ పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాక ఆ చిక్కు వీడింది. అందులోనూ వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం వంటి వృత్తి విద్యలను మినహాయించారు కనుక, ఇలాంటి పత్రాల్లో ఏది లోపల ఉందో, ఏది బయట ఉందో చూసుకోవడం తప్పనిసరి. ఏ విశ్వవిద్యాలయమూ ఒంటరిగా ఇలాంటి అడ్డంకిని తొలగించలేదు. కాబట్టి విద్యాసేతు గారూ, రాయబార కార్యాలయపు అధికారి మళ్లీ వచ్చినప్పుడు, సదస్సుకు తేదీ అడగడానికి ముందు, గుర్తింపు విషయంలో రెండు దేశాల మధ్య ఏ ఒప్పందం అమల్లో ఉందో అడగండి.

సమాధానం: తటస్థ దృష్టి

చర్చ బాగా సాగుతోంది. అయితే ప్రశ్నలోని రెండో భాగం, అంటే రాయబార కార్యాలయాన్ని ఎక్కడ దూరంగా ఉంచాలన్నది, ఇంకా ఎవరూ తీసుకోలేదు. దాని మీద నాకు కొంత పట్టుదల గల అభిప్రాయం ఉంది.

విద్యార్థుల మార్పిడి వల్ల దేశాల మధ్య మంచి అభిప్రాయం పెరుగుతుందన్న నమ్మకంతోనే ప్రభుత్వాలు డబ్బు పెడతాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ ఫలితాన్ని ఎవరూ ముందుగా హామీ ఇవ్వలేరు. లేసీ–జరూబిన్ ఒప్పందం కింద 1958లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన సోవియట్ యువకుల్లో అలెగ్జాండర్ యాకొవ్లెవ్ ఒకరు. మూడు దశాబ్దాల తర్వాత సోవియట్ నాయకుడు గోర్బచోవ్ పక్కన నిలబడి సంస్కరణలకు రూపుదిద్దినవారు ఆయనే. అంతకు పదేళ్ల ముందు, 1948లో, ఈజిప్టు నుంచి అమెరికా వెళ్లి కొలరాడోలోని గ్రీలీ పట్టణంలో చదివిన, తర్వాత ఇస్లామిక్ తీవ్రవాద భావజాలానికి సిద్ధాంతకర్తగా పేరుపడ్డ సయ్యిద్ కుతుబ్ మాత్రం ఆ సమాజం పట్ల తీవ్రమైన వ్యతిరేకతతో తిరిగి వెళ్లారు. ఒకే దేశం, దాదాపు ఒకే కాలం, ఇద్దరిలో రెండు పూర్తి భిన్నమైన ఫలితాలు. కనుక పంపే విద్యార్థిని మన దేశపు ప్రచారకుడిగానో, వచ్చే విద్యార్థిని రేపటి మిత్రుడిగానో ముందే లెక్క వేసుకుని కార్యక్రమాన్ని తీర్చిదిద్దితే, అది చదువుకూ న్యాయం చేయదు, దౌత్యానికీ న్యాయం చేయదు.

ఈ సంగతి ఫుల్‌బ్రైట్ కార్యక్రమాన్ని రూపొందించినవారికి తెలుసు. అందుకే విదేశాంగ శాఖ నిధులు ఇచ్చినా, ఎంపికలపై తుది నిర్ణయాన్ని అధ్యక్షుడు నియమించే ఒక ప్రత్యేక మండలికి అప్పగించారు. అనేక దేశాల్లో రెండు దేశాల సభ్యులూ కలిసి కూర్చునే ద్వైపాక్షిక సంఘాలు రోజువారీ పని చూస్తాయి. 2025 జూన్‌లో ఆ మండలి సభ్యులు దాదాపు అందరూ, తాము చేసిన ఎంపికల్లో ప్రభుత్వం జోక్యం చేసుకుందని చెప్పి రాజీనామా చేశారు. ఎనిమిది దశాబ్దాల వయసున్న కార్యక్రమంలో కూడా ప్రభుత్వానికీ ఎంపికలకూ మధ్య ఉన్న ఆ గోడను నిత్యం కాపాడుకోవలసి వస్తోందంటే, కొత్తగా ఒప్పందం రాసుకునేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. జర్మనీ ఇంకో దారి పట్టింది. డాడ్ అనే సంక్షిప్త నామంతో అందరికీ తెలిసిన జర్మన్ విద్యా మార్పిడి సంస్థకు విదేశాంగ శాఖ పెద్ద ఎత్తున నిధులు ఇస్తుంది. కానీ ఆ సంస్థలో సభ్యులు విశ్వవిద్యాలయాలూ, వాటి విద్యార్థి సంఘాలూ. డబ్బు ప్రభుత్వానిదీ, నిర్ణయం విద్యారంగానిదీ అన్న విభజన అక్కడ నిర్మాణంలోనే ఉంది.

రాజకీయ వాతావరణం మారినప్పుడు ఏం జరుగుతుందో కూడా గుర్తుంచుకోవాలి. ఫుల్‌బ్రైట్ కింద మొట్టమొదటి ఒప్పందం 1947 నవంబరులో చైనాతోనే కుదిరింది. రెండేళ్లకే అది ఆగిపోయింది, 1979లో మళ్లీ మొదలైంది, 2020 జులైలో అధ్యక్షుని ఉత్తర్వుతో చైనా, హాంకాంగ్‌లకు ముగిసింది. స్విట్జర్లాండ్‌లో 2014 ఫిబ్రవరి నాటి వలసల ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత ఎరాస్మస్ చర్చలు నిలిచిపోయాయి. అక్కడి ప్రభుత్వం సొంత నిధులతో వేరే ఏర్పాటు చేసుకుని, ఐరోపా విశ్వవిద్యాలయాలతో ఒక్కొక్కటిగా ఒప్పందాలు కుదుర్చుకునేలా చేయవలసి వచ్చింది. ఈ రెండో ఉదాహరణ ఎంతో ఆశాజనకంగా అనిపిస్తుంది నాకు. ప్రభుత్వాల స్థాయిలో తలుపు మూసుకున్నా, విశ్వవిద్యాలయానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య నేరుగా ఉన్న పరిచయాలు విద్యార్థులను కదిలిస్తూనే ఉన్నాయి. కాబట్టి రాయబార కార్యాలయం పరిచయం చేసినా, ఒప్పందం మాత్రం దాని మీద ఆధారపడకుండా నిలబడేలా రాసుకోండి. ఎంపిక సంఘంలో ఆ కార్యాలయపు ప్రతినిధికి ఓటు ఇవ్వకండి.

విద్యాసేతు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక మా ఐదు ఒప్పందాలనూ మళ్లీ తెరిచాను. మూడింటిలో ఫీజు గురించి ఒక్క మాట కూడా లేదు. మిగిలిన రెండింటిలో పరస్పరం ఫీజు మినహాయింపు ఉంది కానీ, ఏటా ఇరువైపులా సమాన సంఖ్యలో విద్యార్థులు ఉండాలని షరతు పెట్టారు. మా నుంచి వెళ్లాలనుకునేవారు ఎప్పుడూ ఎక్కువే, అటు నుంచి వచ్చేవారు తక్కువే. ఈ షరతు వల్లనే రెండేళ్ల కిందట ఎంపికైన నలుగురిలో ఇద్దరిని వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆ ఇద్దరికీ ఆ మాట చెప్పిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. దీనికి ఎవరైనా దారి చూపగలరా?

సమాధానం: దౌత్యచరిత్ర పాఠకుడు

మీ బాధ అర్థమైంది. సమాన సంఖ్య అన్న షరతు న్యాయమైనదే, ఏడాదికేడాది లెక్క చూడటమే చిక్కు. ఒప్పందం మొత్తం కాలానికి, అంటే మూడేళ్లకో ఐదేళ్లకో, లెక్క సరిపోతే చాలునని రాసుకోండి. మనిషికి బదులుగా సెమిస్టరును కొలమానంగా పెట్టుకుంటే, ఒక ఏడాది పూర్తిగా చదివే ఒక విద్యార్థికి బదులు ఒక్కో సెమిస్టరు చదివే ఇద్దరిని పంపవచ్చు. సెమిస్టరు మొత్తం రాలేనివారిని కొన్ని వారాల వేసవి కోర్సులకు పిలిచి, అలాంటి ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక సెమిస్టరు విద్యార్థిగా లెక్కించుకోవడానికి కూడా చాలా సంస్థలు ఒప్పుకుంటాయి.

అటు నుంచి ఎందుకు రావడం లేదన్నది మాత్రం విడిగా పరిశీలించాలి. నేను చూసినంతలో మొదటి కారణం విద్యాసంవత్సరపు తేదీలు. జపాన్‌లో ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి చివరలోనో మార్చిలోనో, ఐరోపాలో అధిక భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో చదువు మొదలవుతుంది. మీ సెమిస్టరు మధ్యలో వారి పరీక్షలు వస్తే, ఎంత ఆసక్తి ఉన్న విద్యార్థి అయినా రాలేడు. రెండో కారణం, వచ్చినవారికి అర్థమయ్యే భాషలో ఏయే పాఠ్యాంశాలు దొరుకుతాయో ముందుగా ఎక్కడా ప్రకటించకపోవడం.

బ్రిటన్ అనుభవం కూడా గమనించదగినది. ఎరాస్మస్ నుంచి బయటికి వచ్చాక 2021లో ట్యూరింగ్ పథకం పెట్టి, తమ విద్యార్థులు బయటికి వెళ్లడానికి నిధులు ఇచ్చారు. లోపలికి వచ్చేవారికి అందులో డబ్బు లేదు. పంపడానికి మాత్రమే నిధులు పెడితే రాకపోకల్లో ఒక వైపు బలహీనపడుతుంది. మీ సంస్థ తన దగ్గరున్న కొద్ది నిధుల్లో కొంత భాగాన్ని వచ్చే విద్యార్థుల వసతికి కేటాయిస్తే, మీరు పంపగలిగేవారి సంఖ్య దానంతట అదే పెరుగుతుంది.

సమాధానం: ఒకప్పటి మార్పిడి విద్యార్థిని

ఇంకొక్క మాట చేర్చనివ్వండి. రాయబార కార్యాలయాన్ని కోరవలసిన వాటిలో వీసా సమయం ముఖ్యమైనది. ఆతిథ్య విశ్వవిద్యాలయం ప్రవేశ లేఖ ఎప్పుడు పంపుతుంది, ఆ తర్వాత వీసా విభాగంలో అపాయింట్‌మెంట్ దొరకడానికి ఎన్ని వారాలు పడుతుంది, నిర్ణయానికి ఎన్ని వారాలు పడుతుంది, ఈ మూడింటినీ కలిపి సెమిస్టరు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. చాలాసార్లు ఆ లెక్క ప్రకారం మీ ఎంపిక ఇప్పుడున్న దానికన్నా రెండు మూడు నెలలు ముందే పూర్తి కావలసి ఉంటుంది. ఒప్పందం కింద వెళ్లేవారికి కావలసిన పత్రాల జాబితాను ఒక్కసారి రాతపూర్వకంగా ఇవ్వమనీ, ఏటా ఒక నిర్ణీత కాలంలో వారి దరఖాస్తులను కలిపి స్వీకరించమనీ అడగండి. సంతకాల సభకు రాగలిగిన అధికారి ఈ మాత్రం సాయం చేయడానికి సాధారణంగా వెనుకాడరు. అడిగేవారే తక్కువ.

విద్యాసేతు

మరోసారి ధన్యవాదాలు. ఐదింటిలో మొదట రెండు ఒప్పందాలనే తీసుకోవాలని మా విభాగంలో నిర్ణయించుకున్నాం. వచ్చే వారం రసాయన శాస్త్రం, అర్థశాస్త్రం విభాగాల అధిపతులతో కూర్చుని, ఆతిథ్య సంస్థలోని ఏ పాఠ్యాంశం మా దగ్గర దేనికి సమానమో పట్టిక తయారు చేస్తాం. అది పూర్తయ్యాకే కొత్త ముసాయిదా రాస్తాం. ఐదేళ్ల లెక్క, సెమిస్టరు కొలమానం, అభ్యాస ఒప్పందం నమూనా మూడూ అందులో ఉంటాయి. వెనక్కి పిలిచిన ఇద్దరిలో ఒకరు ఇంకా మా దగ్గరే మాస్టర్స్ చదువుతున్నారు. అర్హత నిబంధనలు ఒప్పుకుంటే, దరఖాస్తు చేయమని ముందుగా ఆమెకే చెబుతాను. ముసాయిదా సిద్ధమయ్యాక ఇక్కడే పెడతాను, దయచేసి చదివి లోపాలు చెప్పండి.